కవర్ మీద లేని పేరు: రిచర్డ్ రైట్ విషయంలో పింక్ ఫ్లాయిడ్ మౌనం ఎవరి కోసం?

ప్రశ్న

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ చేసిన 'ద ఫైనల్ కట్' ఆల్బమ్‌ను ఎన్నోసార్లు విన్నాను గానీ, కవర్ మీది పేర్లను శ్రద్ధగా చదివింది మాత్రం నిన్ననే. సభ్యులుగా రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మోర్, నిక్ మేసన్ పేర్లు మాత్రమే ఉన్నాయి. మొదటి ఆల్బమ్ నుంచీ కీబోర్డు వాయించిన రిచర్డ్ రైట్ పేరు ఎక్కడా లేదు. పియానోకు మైకేల్ కేమెన్, హామండ్ ఆర్గన్‌కు ఆండీ బౌన్ అని రాసి ఉంది. రైట్ ఏమయ్యారో చెప్పే వాక్యం ఒక్కటీ కనబడలేదు. 1983 మార్చిలో ఈ రికార్డు కొన్న అభిమాని ఎంత కలవరపడి ఉంటాడో ఊహించగలను. ఇంత పెద్ద మార్పును బ్యాండ్ ఎందుకు బయటికి చెప్పలేదు? ఆయన గౌరవం కాపాడటానికా, వ్యాపారం కోసమా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు

మీరు గమనించిన ఆ ఖాళీ 1983లో వచ్చింది కాదండీ, 1979లోనే ఏర్పడింది. పెట్టుబడులు పెట్టిన సంస్థ దెబ్బతిని బ్యాండ్ చాలా డబ్బు పోగొట్టుకుంది. పన్నుల భారం తప్పించుకోవడానికి బ్రిటన్ వదిలి, 'ద వాల్' ఆల్బమ్ రికార్డింగ్‌ను ఫ్రాన్స్‌లోనూ తర్వాత లాస్ ఏంజెలిస్‌లోనూ చేయాల్సి వచ్చింది. ఆల్బమ్‌ను క్రిస్మస్ లోపల విడుదల చేయాలన్న ఒత్తిడి ఒకవైపు, రైట్ నుంచి ఆశించినంత పని రావడం లేదన్న అసంతృప్తి మరోవైపు ఉన్న సమయంలో, గ్రీసులో సెలవుల్లో ఉన్న ఆయన వాటిని కుదించుకుని రావడానికి ఒప్పుకోలేదు. ఆయన తప్పుకుంటేనే ఆల్బమ్ ముందుకు సాగుతుందని వాటర్స్ పట్టుబట్టారు. కుటుంబపరంగా తాను అప్పుడు చాలా ఇబ్బందుల్లో ఉన్నానని రైట్ తర్వాత స్వయంగా చెప్పుకున్నారు.

ఆల్బమ్ 1979 నవంబర్ 30న వచ్చింది. దానికి ముందే నలుగురిలో ఒకరు వెళ్లిపోయారని ప్రకటిస్తే పాటల గురించి మాట్లాడేవారెవరూ ఉండరని వారు భయపడి ఉంటారని నా అంచనా. అందుకే నాకు ఇందులో గౌరవం కంటే వ్యాపారమే ఎక్కువగా కనబడుతోంది.

రెండో జవాబు

పై మిత్రుడు చెప్పిన వివరాలతో ఏకీభవిస్తాను, తీర్పుతో మాత్రం కాదు. 1980, 81లలో జరిగిన 'ద వాల్' షోలలో రైట్ జీతం తీసుకునే వాద్యకారుడిగా వాయించారు. భారీ గోడ, తోలుబొమ్మల్లాంటి బొమ్మలు, విమానం, వీటన్నిటి ఖర్చు రాబడిని మించిపోయింది. ఆ నష్టం మిగిలిన ముగ్గురి మీద పడింది, డబ్బు మిగిలింది జీతం తీసుకున్న రైట్‌కే. ఆ షో మొదట్లో అసలు సభ్యుల ముఖాల అచ్చులతో చేసిన మాస్కులు పెట్టుకుని వేరే వాద్యకారులు వేదిక మీదికి వచ్చేవారు. బ్యాండ్‌లో స్థానం పోయిన మనిషి ముఖం మాత్రం వేదిక మీద అలాగే ఉందన్న ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. అయితే అందరి ముందూ వెళ్లగొట్టించుకోవడం కంటే తన వంతు పని పూర్తి చేసి తప్పుకోవడమే రైట్‌కు ఓర్చుకోగలిగిన దారి అయి ఉండవచ్చు. అది నిజమైతే ఆ మౌనంలో ఆయన ఇష్టం కూడా కలిసి ఉందని ఒప్పుకోవాలి.

మూడో జవాబు

జెనెసిస్ అనే మరో రాక్ బ్యాండ్ విషయం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. బ్యాండ్ వదిలేస్తానని దాని గాయకుడు పీటర్ గేబ్రియల్ 1974 నవంబర్‌లో, టూర్ మధ్యలోనే సహచరులకు చెప్పారు. అయినా 1975 మేలో టూర్ ముగిసేదాకా పాడారు, వార్త ఆగస్టులో గానీ బయటికి రాలేదు. తేడా ఏమిటంటే, గేబ్రియల్ ఆ తర్వాత తన కారణాలను తానే పత్రికలకు లేఖగా రాశారు. ఏసీ/డీసీ అనే రాక్ బ్యాండ్ కూడా తన గిటారిస్టు మాల్కమ్ యంగ్ అనారోగ్యంతో విరామం తీసుకుంటున్నారని 2014 ఏప్రిల్‌లో చెప్పింది; మతిమరుపు వ్యాధి సంగతి సెప్టెంబర్‌లో వెల్లడైంది. రోగి విషయంలో ఆ కొద్ది నెలల గోప్యతను నేను పూర్తిగా సమర్థిస్తాను. రైట్ విషయంలో నాకు అభ్యంతరం గోప్యత మీద కాదు, వివరణ లేకుండా పేరు తీసేయడం మీద.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక 1987 నాటి 'ఎ మొమెంటరీ లాప్స్ ఆఫ్ రీజన్' తీసి చూశాను. లోపలి ఫొటోలో గిల్మోర్, మేసన్ ఇద్దరే ఉన్నారు. తిరిగి వచ్చిన రైట్ పేరు వాద్యకారుల జాబితాలో మాత్రమే కనిపించింది. అంటే తిరిగి రావడాన్ని కూడా వారు వెళ్లడమంత నిశ్శబ్దంగానే ఉంచారు. ఆయన జీతానికి వాయించిన ఆ 1980, 81 షోల రికార్డింగులు 2000లో ఆల్బమ్‌గా వచ్చాయి. ఈ రాత్రి వాటిని ఆయన కీబోర్డు కోసమే మొదటి నుంచి వింటాను.