మిమిక్ టియర్‌తో మలేనియాని కొడితే కొట్టినట్టా, కానట్టా?

ఒంటరి_కత్తి:
ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్‌లో మలేనియా అనే బాస్ నిన్న రాత్రి 2.40కి నా చేతిలో పడింది. 214 సార్లు చచ్చాను (నోట్‌బుక్కులో గీతలు పెట్టుకున్నా, నవ్వకండి). యాష్ (తోడుగా పిలుచుకునే ఆత్మ) లేదు, డాలు లేదు, మంత్రం లేదు. రెండు చేతులా ఒక్క క్లేమోర్ కత్తి, +25 దాకా పెంచింది.

ఇప్పుడు అసలు విషయం. మన ఎల్డెన్ రింగ్ గ్రూపులో ఒకాయన "మలేనియా అవుట్, మూడో ట్రైలో" అని స్క్రీన్‌షాట్ పెట్టారు. చూస్తే పక్కన మిమిక్ టియర్, అంటే అచ్చం మనలాగే ఉండి మన తరఫున కొట్లాడే ఆత్మ, నిలబడి ఉంది. అది గెలుపెలా అవుతుంది? మలేనియా అటు తిరిగి ఇంకొకడితో కొట్లాడుతుంటే వీపు మీద ఎవరైనా వేస్తారు. వాటర్‌ఫౌల్ డాన్స్ (ఆమె గాల్లోకి లేచి వరసగా కత్తి విసిరే దెబ్బ) ఎలా తప్పించుకున్నారని అడిగితే "అదేంటి?" అన్నారు!

చార్మినార్_టార్నిష్డ్:
214 ఆ? నీకు దండం భయ్యా.

రెండో_షిఫ్టు:
ఆ ఒకాయన్ని నేనే. "అదేంటి" అనలేదు, "ఆ పేరు తెలీదు" అన్నాను. రెండూ ఒకటి కావు.

తమ్ముడూ, మిమిక్ ఊరికే ఒళ్లో వచ్చి పడదు. భూమి కింద ఉన్న నోక్రాన్ నగరం దాకా దిగాలి, స్టోన్‌స్వర్డ్ కీ పెట్టి పొగ గోడ తీయాలి, గ్లోవ్‌వర్ట్ పూలు ఏరుకుని +10 చేసుకోవాలి. పిలిచిన ప్రతిసారీ మన ఒంట్లోంచి 660 హెచ్‌పీ (ప్రాణం) పోతుంది. అసలు ఆట మొదట్లోనే చర్చ్ ఆఫ్ ఎల్లే దగ్గర మంత్రగత్తె వచ్చి ఈ ఆత్మల్ని పిలిచే గంట మన చేతిలో పెడుతుంది కదా. పూజకు పెట్టుకోమని ఇచ్చిందా?

ఒంటరి_కత్తి:
660 అంటే ప్రాణం నింపే ఫ్లాస్క్ ఒక గుక్క. బాస్ గుమ్మంలో పొగమంచు దాటగానే పిలిచి, తాగేసి, మొదలుపెడతారు. దాన్ని మూల్యం అంటారా?

రెండో_షిఫ్టు:
ఎంత పెంచుకున్నా ఫ్లాస్కులు 14. అందులో మంత్రాలకి వాడే నీలం తీసేస్తే ప్రాణం నింపే ఎర్రవి ఎన్ని మిగులుతాయి? ఒకటి మొదట్లోనే పోయిందంటే అది మూల్యమే.

ఒంటరి_కత్తి:
నీలం ఎందుకు పెట్టుకున్నారు? మంత్రాలు కూడా వాడారన్నమాట. బాగుంది.

చార్మినార్_టార్నిష్డ్:
గీ 660 లొల్లి ఏంది? ముచ్చట ఆడ లేదు.

గోదారిగట్టు:
ఇద్దరూ అసలు లెక్క వదిలేసి ఫ్లాస్కులు లెక్కపెడుతున్నారు. మలేనియా కొట్టిన ప్రతి దెబ్బకీ ఆమె హెచ్‌పీ పెరుగుతుంది. డాలు అడ్డుపెట్టినా పెరుగుతుంది. మిమిక్‌కి తగిలినా పెరుగుతుంది. అంటే దెబ్బలు తింటూ తిరిగే మిమిక్ ఆమెకి భోజనం పెడుతున్నట్టే. నా మిమిక్ అయితే రెండుసార్లు ఆమెను సగం నుంచి ముప్పావుకి తెచ్చి పెట్టింది, మహానుభావుడు. పైగా 2022 మార్చిలో వచ్చిన 1.03 ప్యాచ్ (అప్‌డేట్)లో మిమిక్ దెబ్బ తగ్గించారు. విడుదలైన ఫిబ్రవరిలో ఉన్న మిమిక్ వేరు, ఇప్పటిది వేరు.

ఇక వాటర్‌ఫౌల్. ఆమె ప్రాణం ముప్పావుకి దిగాక ఎప్పుడైనా గాల్లోకి లేస్తుంది. లేచిందంటే మొదటి విసురుకి వెనక్కి తిరిగి పరుగే, ఆలోచించకూడదు. రెండోదానికీ మూడోదానికీ దూరంగా కాదు, ఆమె వైపే, కిందుగా రోల్ అవ్వాలి. మనసు ఒప్పుకోదు, అదే కష్టం. దగ్గర్లో ఉండగా లేస్తే ఫ్రీజింగ్ పాట్ (మంచు కుండ) విసిరితే చాలాసార్లు ఆగుతుంది. వేసుకున్న కవచం, ఆయుధాల బరువు 70 శాతం దాటి ఉంటే ఇదంతా మర్చిపోండి, ఆ రోల్‌తో తప్పించుకోలేరు.

ఒంటరి_కత్తి:
నేను చెప్పేదీ అదే కదా! ఆ రెండో రోల్ నేర్చుకోడానికి నాకు ఆరు రోజులు పట్టింది. నేర్చుకున్నవాడూ నేర్చుకోనివాడూ ఒకే మాట ఎలా వాడతారు, "కొట్టాను" అని?

మునగాకు:
రాడాన్ అనే బాస్‌తో కొట్లాడే పండగలో ఆటే నేల నిండా సమ్మన్ గుర్తులు (తోడు పిలుచుకోడానికి) పరిచి పెడుతుంది. అక్కడ బ్లైడ్ అనే యోధుణ్ణి తోడు పిలిచావా లేదా, అది చెప్పు ముందు.

ఒంటరి_కత్తి:
పిలవలేదు.

మునగాకు:
అబద్ధం.

ఒంటరి_కత్తి:
ఒక్కసారి పిలిచా. చూద్దామని.

చార్మినార్_టార్నిష్డ్:
😂😂

ఒంటరి_కత్తి:
నవ్వండి. మలేనియా కథకి అడ్డం వచ్చే బాస్ కూడా కాదు. ఆమెని ముట్టుకోకుండా ఆట పూర్తి చేయొచ్చు. చేతకానప్పుడు ఆమె ఉండే హేలిగ్‌ట్రీ దాకా పోవడం ఎందుకు? టైమ్ లేదు, ఓపిక లేదు అనేవాళ్లకి ఫోన్లో క్యాండీ క్రష్ ఉంది. అక్కడ కూడా బూస్టర్లు కొనుక్కోవచ్చు.

రెండో_షిఫ్టు:
ఇదిగో, బయటికొచ్చింది.

సరే విను. సాయంత్రం షిఫ్టు అయి ఇంటికొచ్చేసరికి పదకొండు. పాపకి రెండేళ్లు. పడుకున్నాక నాకు దొరికేది నలభై నిమిషాలు, అదీ వారంలో మూడు రోజులు. ఈ ఆటకి పాజ్ లేదు. మార్గిట్ అనే బాస్ దగ్గర పాప ఏడిస్తే లేచి వెళ్లాను, తిరిగొచ్చేసరికి చచ్చావని ఎర్ర అక్షరాలు. గోడ్రిక్ దగ్గర అంతే. హేలిగ్‌ట్రీకి చేరడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. పద్నాలుగు నెలలు! నువ్వు ఆరు రోజుల్లో నేర్చుకున్న రోల్ నా గడియారంలో ఎన్ని నెలలో లెక్క వేసుకో. మూడో ట్రై అని రాశాను, నిజమే. ఆ మూడు ట్రైలకీ మధ్య ఎన్ని రాత్రులున్నాయో స్క్రీన్‌షాట్లో కనబడదు.

గోదారిగట్టు:
ఇక్కడితో ఆపండి ఇద్దరూ.

ఒంటరి_కత్తి:
తమ్ముడూ అనకండి ముందు. నాకు 29.

మూడేళ్లుగా పోటీ పరీక్షలకి చదువుతున్నా. మీకు నలభై నిమిషాలే దొరుకుతాయి, ఒప్పుకుంటా. నాకు రోజంతా దొరుకుతుంది, అది వరం అనుకుంటున్నారా? ఇంటికి ఎవరొచ్చినా "ఇంకా ఏం చేస్తున్నాడు?" అనే అడుగుతారు. ఈ ఏడాది నేను మొదలుపెట్టి ముగించిన పని ఇదొక్కటే. వీడియో పెడితే ఆరు లైకులు. మీ స్క్రీన్‌షాట్‌కి ఎనభై మూడు. దాని కింద "లెజెండ్" అని కామెంట్లు.

మునగాకు:
లైకుల గొడవా ఇది ఇంతసేపూ?

ఒంటరి_కత్తి:
కాదు.
కొంచెం.

రెండో_షిఫ్టు:
ఆ లైకుల్లో సగం మా ఆఫీసువాళ్లవి. మలేనియా అంటే మలేరియా అనుకునే బాపతు.

నీ వీడియో ఇప్పుడే చూశాను, రెండో ఫేజ్ మొత్తం. ఆమె రెక్కలేసుకుని పైనుంచి పువ్వులా విచ్చుకుని పడ్డప్పుడు ముందే పక్కకి పరిగెత్తావు చూడు, నేను మూడుసార్లూ అక్కడే తిన్నాను. కానీ నాది గెలుపు కాదంటే మాత్రం ఒప్పుకోను.

ఒంటరి_కత్తి:
నేనూ ఒప్పుకోను. మీది గెలుపు అని.

చార్మినార్_టార్నిష్డ్:
అన్నా, పాజ్ లేదన్నవ్ కదా. ఇన్వెంటరీ తెరిచి హెల్ప్ ఒత్తి "మెనూ ఎక్స్‌ప్లనేషన్" పెట్టు. ఆట ఆడికాడికి ఆగిపోతది. బాస్ గాల్లో ఉన్నా సరే.

రెండో_షిఫ్టు:
ఏంటి???

రెండో_షిఫ్టు:
ఇప్పుడే చూశా. ఆగింది. పద్నాలుగు నెలలు రా దేవుడా.

ఒంటరి_కత్తి:
పాజ్ పెట్టి కొడితే అది అసలు లెక్కలోకే రాదు.