అమెరికా రాజ్యాంగానికి క్రైస్తవ విశ్వాసమే పునాదియా?

ప్లేనోవాసి

అందరికీ వందనాలు. మేము పదకొండేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాము. జూలై 4వ తేదీకి ముందటి ఆదివారం మా తెలుగు సంఘంలో ఆరాధన ముగిశాక, భోజనాల దగ్గర ఒక పెద్దాయన "ఈ దేశ రాజ్యాంగం బైబిలులోనుండి పుట్టింది, దానిని రాసినవారందరూ ప్రార్థనాపరులే" అని చెప్పారు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఇంటికి రాగానే, "నాన్నా, రాజ్యాంగంలో దేవుడన్న మాటే లేదు, మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలని అందులోనే రాశారు" అన్నది. నేను విశ్వాసిని. అయినా నా విశ్వాసానికి గౌరవం తెచ్చే మాట అన్న ఒక్క కారణంతో నిజం కానిదానిని పిల్లకు చెప్పలేను. మూలపత్రాలు చదివినవారు దయచేసి వివరించగలరు.

బెరయవాడు

ప్లేనోవాసి గారూ, మీ పెద్దాయన ఎక్కువగా పొరబడ్డారు, మీ అమ్మాయి కొద్దిగా పొరబడింది.

1787లో ఫిలడెల్ఫియాలో రాసిన రాజ్యాంగంలో దేవుని ప్రస్తావన లేదన్నది నిజమే. చివర సంతకాల దగ్గర తేదీ వేస్తూ, ఆ కాలపు వాడుక ప్రకారం, "మన ప్రభువు సంవత్సరము" అని రాశారు. అధ్యక్షుడు ఒక బిల్లుపై నిర్ణయం తీసుకోవడానికి ఇచ్చిన పది రోజుల గడువులో ఆదివారాలను లెక్కించరాదన్నారు. వెతికితే దొరికేవి ఈ రెండే. మరోవైపు ఆరో అధికరణం ఏ కేంద్ర ప్రభుత్వ పదవికైనా మతపరీక్ష పెట్టరాదని కచ్చితంగా చెబుతుంది. 1791లో ఆమోదం పొందిన మొదటి సవరణ, ఏ మతాన్నీ అధికార మతంగా నిలిపే చట్టం గాని, స్వేచ్ఛగా మతాన్ని ఆచరించుకోవడాన్ని అడ్డుకునే చట్టం గాని కాంగ్రెసు, అంటే కేంద్ర శాసనసభ, చేయరాదని నిషేధించింది. "గోడ" అన్న మాట మాత్రం ఈ రెండింటిలోనూ లేదు. అది 1802 జనవరి 1న అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకు (ఒక ప్రొటెస్టెంటు క్రైస్తవ శాఖవారికి) రాసిన జవాబులో కనిపిస్తుంది.

పెద్దాయన మనసులో ఉన్నది బహుశా 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన అయి ఉంటుంది. సృష్టికర్త, ప్రకృతికి దేవుడు, లోకానికి సర్వోన్నత న్యాయాధిపతి, దైవసంరక్షణ అనే నాలుగు ప్రస్తావనలు అందులో ఉన్నాయి. చివరి రెండూ జెఫర్సన్ చిత్తుప్రతిలో లేవు, కాంగ్రెసు చేర్చింది. అయితే ఆ నాలుగింటిలో ఎక్కడా యేసుక్రీస్తు పేరు గాని, లేఖనాల పేరు గాని లేదు.

ఇక ప్రార్థన సంగతి. 1787 జూన్ 28న, రాష్ట్రాల మధ్య వాదోపవాదాలు ముదిరి రాజ్యాంగ రచనా సభ చీలిపోయేలా ఉన్నప్పుడు, ఎనభై ఒకటేళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ లేచి ప్రతి ఉదయం ఒక బోధకుని పిలిపించి ప్రార్థనతో సభ మొదలుపెడదామని ప్రతిపాదించారు. ఇన్నాళ్లూ ప్రార్థన లేకపోవడానికి అసలు కారణం సభ దగ్గర డబ్బు లేకపోవడమేనని విలియమ్సన్ అనే ప్రతినిధి అన్నారు. ప్రతిపాదన ఓటుకు రాకుండానే ఆనాటి సభ ముగిసింది. ముగ్గురు నలుగురు తప్ప మిగిలినవారు ప్రార్థనలు అవసరం లేదనుకున్నారని ఫ్రాంక్లిన్ స్వయంగా రాసుకున్నారు.

గుండ్లకమ్మ

బెరయవాడు గారు పత్రాల సంగతి చక్కగా చెప్పారు గాని, ఆ గోడను కోరుకున్నది ఎవరన్నది చెప్పకుండా వదిలేశారు. డాన్‌బరీ నుండి జెఫర్సన్‌కు ఉత్తరం రాసినవారు నాస్తికులు కారు. వారు బాప్టిస్టులు. మాది ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు కుటుంబం కనుక ఈ విషయం మీద నాకు కాస్త మమకారం ఎక్కువ, మన్నించండి.

స్వాతంత్ర్యానికి ముందు వర్జీనియాలో ఆంగ్లికన్ సంఘమే, అంటే ఇంగ్లండు సంఘమే, అధికార సంఘం. అక్కడి ఒక్కో కాపరికి ఏటా 16,000 పౌన్ల పొగాకును జీతంగా చట్టం నిర్ణయించింది. ఆ పొగాకు, ఆ గుడిలో అడుగుపెట్టని బాప్టిస్టు రైతు పొలం నుండి కూడా వెళ్లేది. పొగాకు పండించే మా జిల్లావారికి ఆ లెక్క వేరే చెప్పనక్కరలేదు. అనుమతిపత్రం లేకుండా సువార్త చెప్పిన బాప్టిస్టు బోధకులను జైలులో పెట్టేవారు. తన పక్క కౌంటీలో అయిదారుగురు మంచివాళ్లు తమ మతాభిప్రాయాలు ప్రకటించినందుకు చెరసాలలో ఉన్నారని, అప్పటికి ఇరవై రెండేళ్ల జేమ్స్ మాడిసన్ 1774 జనవరిలో తన స్నేహితునికి కోపంతో ఉత్తరం రాశాడు. తరువాత రాజ్యాంగ రచనలో ముఖ్యపాత్ర వహించినది ఆయనే.

1784లో వర్జీనియా నాయకుడు పాట్రిక్ హెన్రీ, క్రైస్తవ బోధకుల పోషణకు ఒక పన్ను వేద్దామని, ఎవరి పన్ను ఏ సంఘానికి చేరాలో వారే చెప్పుకోవచ్చని బిల్లు తెచ్చారు. అంటే బాప్టిస్టులకూ డబ్బు వచ్చేది. వాళ్లు ఆ డబ్బు తమకు వద్దన్నారు. క్రీస్తు సంఘాన్ని నిలబెట్టడానికి పన్ను వసూలుదారు అక్కరలేదన్నది వారి వాదన. మాడిసన్ 1785లో రాసిన విజ్ఞాపనతో పాటు వారి సంతకాల పత్రాలు కూడా శాసనసభకు చేరాయి, బిల్లు వీగిపోయింది. 1786 జనవరిలో జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛా చట్టం ఆమోదం పొందింది. ఆ చట్టం మొదలయ్యేదే సర్వశక్తిగల దేవుడు మనసును స్వేచ్ఛగా సృష్టించాడన్న మాటతో. ప్లేనోవాసి గారూ, మీ అమ్మాయి చేత ముందుగా ఈ వాక్యం చదివించండి.

ఇక్కడొక మాట, విషయానికి కొంచెం పక్కదే అయినా. అదే సంప్రదాయంలోని అమెరికన్ బాప్టిస్టులే మన నెల్లూరుకూ ఒంగోలుకూ వచ్చారు. 1876-78 కరువులో వారి మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి కూలి ఇప్పించినప్పుడు, ఆ కరువు సాయం సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం విశ్వాసంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఆయన ఉద్దేశం. సాయం ఆపిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. హెన్రీ బిల్లును కాదన్నవారి మనసు ఎలాంటిదో నాకు ఈ సంఘటనతోనే తెలిసివచ్చింది.

పాతవకీలు

పై ఇద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తాను, కాని పెద్దాయన మాటను అంత తేలికగా తోసిపుచ్చడం న్యాయం కాదు. ఆనాడు మొదటి సవరణ కట్టడి చేసింది కేంద్ర కాంగ్రెసును మాత్రమే, రాష్ట్రాలను కాదు. కనెక్టికట్‌లో 1818 వరకు, మసాచుసెట్స్‌లో 1833 వరకు ప్రభుత్వ అండగల సంఘాలు కొనసాగాయి. 1776 నాటి డెలావేర్ రాజ్యాంగం ప్రకారం పదవి చేపట్టేవారు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల యందు విశ్వాసం ప్రకటించవలసి ఉండేది. కనుక క్రైస్తవ ప్రభుత్వం అన్న ఆలోచన ఆ తరానికి తెలియనిది కాదు. తెలిసి ఉండీ, కేంద్రంలో దానిని వద్దనుకున్నారు.

ఆలోచనా విధానంలోనూ క్రైస్తవ ముద్ర ఉంది. స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన 56 మందిలో సంఘసేవలో ఉన్న ఒకే ఒక్క కాపరి జాన్ విదర్‌స్పూన్. ఆయన అధ్యక్షుడుగా ఉన్న కళాశాలలోనే మాడిసన్ చదివి, పట్టా పుచ్చుకున్నాక మరికొన్ని నెలలు ఆయన దగ్గరే ఉండి హెబ్రీ నేర్చుకున్నాడు. మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కరలేదని 1788లో రాసిన మాడిసన్ వ్యాసంలో, మనిషి పాపస్వభావం గురించి ఆ గురువు చెప్పిన పాఠాలు నాకు వినిపిస్తాయి. అధికారాన్ని మూడు చోట్ల పంచి ఒకదానిపై ఒకదానిని కాపలా పెట్టడానికి అదొక్కటే కారణం అనను, ఫ్రెంచి తత్వవేత్త మాంటెస్క్యూ ప్రభావమూ ఉంది. అయినా అది లేదనలేము.

ఒక హెచ్చరిక కూడా. ఉత్తర ఆఫ్రికాలోని ట్రిపోలీతో అమెరికా చేసుకున్న ఒప్పందంలోని 11వ అధికరణం అమెరికా ప్రభుత్వం ఏ విధంగానూ క్రైస్తవ మతంపై స్థాపించబడినది కాదని చెబుతుంది. దానిని సెనేటు 1797లో వ్యతిరేకత లేకుండా ఆమోదించింది. ఎవరైనా ఇది చూపిస్తే, అరబ్బీ ప్రతిలో ఆ అధికరణం లేదన్నదీ తెలిసి ఉండాలి. అయితే సెనేటు చదివి ఆమోదించినది ఇంగ్లీషు ప్రతి కనుక, ఆ సభ్యుల అభిప్రాయానికి అది గట్టి సాక్ష్యమే.

ప్లేనోవాసి

అందరికీ కృతజ్ఞతలు. వర్జీనియా చట్టం మొదటి వాక్యం అమ్మాయి చదివింది. "అయితే గోడ కట్టమని అడిగింది చర్చివాళ్లేనా?" అని రెండుసార్లు అడిగింది. పెద్దాయనకు కూడా గుండ్లకమ్మ గారి జవాబు చదివి వినిపించాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు గాని, క్లౌ దొర పేరు వినగానే తమ తాతగారి ఊరి సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. ఒక చిన్న సందేహం. అదే 1802 జనవరి 1న బాప్టిస్టులు జెఫర్సన్‌కు పెద్ద జున్నుగడ్డ తెచ్చారని ఎక్కడో చదివాను. నిజమేనా?

గుండ్లకమ్మ

నిజమే. మసాచుసెట్స్‌లోని చెషైర్ అనే ఊరి పాడిరైతులు పాలు పోగుచేసి తయారుచేసిన ఆ జున్నుగడ్డ బరువు 1,235 పౌన్లు, అంటే సుమారు 560 కిలోలు. దానిని మంచుబండి మీద, పడవ మీద వాషింగ్టన్‌కు చేర్చినవాడు జాన్ లీలండ్ అనే బాప్టిస్టు బోధకుడు. రెండు రోజుల తరువాత ఆదివారం నాడు ఆయన ప్రతినిధుల సభ మందిరంలోనే ప్రసంగించాడు. గోడ గురించి ఉత్తరం రాసిన జెఫర్సన్ ఎదుట కూర్చుని విన్నాడు. అది కూడా మీ అమ్మాయికి చెప్పండి, పెద్దాయన సంతోషిస్తారు. అయితే జెఫర్సన్ ఆ జున్నును ఉచితంగా పుచ్చుకోలేదు. లీలండ్‌కు 200 డాలర్లు ఇచ్చినట్లు తన ఖర్చుల పుస్తకంలో రాసుకున్నాడు.