పామాయిల్ సుంకం సగానికి తగ్గించారు: లాభపడింది ఎవరు?

పామాయిల్ గెలల రైతు, అశ్వారావుపేట:
2024 సెప్టెంబరులో దిగుమతయ్యే ముడి వంటనూనెల మీద కస్టమ్స్ సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. సెస్సులతో కలిపి 27.5 శాతం. ఆ తర్వాత మా గెలల ధర టన్నుకు 20 వేలు దాటింది. అమ్మయ్య అనుకునేలోపు, 2025 మే చివర్లో సుంకం 10 శాతానికి దింపేశారు. మొక్క నాటితే నాలుగో ఏడు గాని గెల చేతికి రాదు. తోట ముప్పై ఏళ్లు ఉంటుంది. సుంకం ఎనిమిది నెలలకే మారింది. 2021లో 11,040 కోట్లతో మిషన్ పెట్టి పామాయిల్ వేయండని చెప్పింది కూడా కేంద్రమే కదా!

పుణుగుల బండి, విజయవాడ:
అన్నా, మీ బాధ నిజమే. మరి నా సంగతి? సుంకం పెంచారని టీవీలో చెప్పగానే ప్యాకెట్ రేటు ఎగిరింది. గోదాముల్లో ఉన్నది పాత సుంకం సరుకే. ప్లేటు రేటు పెంచితే జనం పక్క బండికి పోతారు. అందుకే ప్లేటుకు ఒక పుణుగు తగ్గించా.

లెక్కల మాస్టారు:
మీరిద్దరూ ఊరికే కొట్టుకుంటున్నారు. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే, కాబట్టి ధర మలేసియా, ఇండోనేసియాల్లో తేలుతుంది. 2022 ఏప్రిల్‌లో ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులు ఆపేస్తే ఇక్కడ గెలల ధర కూడా ఎగబాకింది. మన సుంకం పెరిగి కాదు.
అసలు సంగతి వేరే ఉంది. మేలో ముడి నూనెకే తగ్గించారు. అన్నీ కలిపి అది 16.5 శాతం అయింది, రిఫైన్డ్‌కు మాత్రం 35.75 అలాగే ఉంచారు. ఇదివరకు 8.25గా ఉన్న తేడా 19.25 అయింది. ముడి నూనె తెచ్చి ఇక్కడ శుద్ధి చేసేవాళ్లకు అది ఊపిరి. కాకినాడ, కృష్ణపట్నం రిఫైనరీల్లో కూలీలకూ పని దొరుకుతుంది, కాదనను. కానీ ముందు మిగిలేది రిఫైనరీ యజమానులకే.

పుణుగుల బండి:
ధర పడితే రైతుకు తేడా సొమ్ము ఇస్తామని ఆ మిషన్‌లోనే ఉందటగా. అదిస్తే సరిపోదా? నా నూనె మీద పన్ను ఎందుకు?

గెలల రైతు:
సుంకమైతే గెలల ధరలోనే వచ్చేస్తుంది తమ్ముడూ. తేడా సొమ్ము అంటే ఫైలు కదలాలి. నువ్వు మీ ఊళ్లో ఏ సబ్సిడీకైనా తిరిగావా?

పుణుగుల బండి:
తిరిగా. అందుకే ఇంక మాట్లాడను. మాస్టారూ, ఆ రిఫైనరీకి మిగిలింది నా ప్యాకెట్‌లో ఎప్పుడు తగ్గుతుందో అదొక్కటి చెప్పండి.