5.4 గ్రాముల అల్యూమినియంతో ఎంత హైడ్రోజన్ వస్తుంది?

ప్రశ్న: 5.4 గ్రా. అల్యూమినియం, అధిక (అవసరానికి మించిన) సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) వద్ద హైడ్రోజన్ ఘనపరిమాణం కావాలి. అల్యూమినియం పరమాణు భారం 27 కాబట్టి 5.4 ÷ 27 = 0.2 మోల్, దాన్ని 22.4తో గుణిస్తే 4.48 లీటర్లు. పుస్తకంలో జవాబు 6.72. తేడా ఎక్కడ?

జవాబు 1: మీరు 22.4తో గుణించింది అల్యూమినియం మోల్‌లను. ఆ సంఖ్య ఎస్‌టీపీ వద్ద ఒక మోల్ వాయువు ఆక్రమించే లీటర్లు; వాయువుకే వర్తిస్తుంది, ఘనపదార్థానికి కాదు. సమీకరణాన్ని తుల్యం చేయండి: 2 అల్యూమినియం, 6 ఆమ్లం కలిసి 2 అల్యూమినియం క్లోరైడ్, 3 హైడ్రోజన్ ఇస్తాయి. అంటే 2 మోల్‌ల లోహానికి 3 మోల్‌ల వాయువు. 0.2 × 3/2 = 0.3 మోల్. 0.3 × 22.4 = 6.72 లీటర్లు. చాలామంది జారిపడేది సరిగ్గా ఈ నిష్పత్తి దగ్గరే.

జవాబు 2: లెక్క సరే, కానీ ఉష్ణోగ్రత, పీడనం చూడకుండా 22.4 వేయకండి. అది 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ వద్ద విలువ. పీడనం 1 బార్ అంటే 22.7 తీసుకోవాలి. 25 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్ అయితే సుమారు 24.5; అప్పుడు ఇదే 0.3 మోల్ దాదాపు 7.35 లీటర్లు ఆక్రమిస్తుంది.

జవాబు 3: "అధిక" అన్న మాట లేకపోతే ఆమ్లం మోల్‌లూ లెక్కించాలి. 2 మోలార్ (లీటరుకు 2 మోల్‌లు) ఆమ్లం 150 మి.లీ. మాత్రమే ఉందనుకోండి: 0.3 మోల్. లోహమంతా కరగాలంటే 0.6 కావాలి. కాబట్టి ఆమ్లమే ముందు అయిపోతుంది. హైడ్రోజన్ అందులో సగం, 0.15 మోల్, ఎస్‌టీపీ వద్ద 3.36 లీటర్లు.

ప్రశ్న అడిగినవారు: నిష్పత్తి వదిలేశాను, అర్థమైంది. ధన్యవాదాలండీ.