అప్‌డేట్: ‘ఆరెంజ్’లో పోయిన ‘న’ దొరికింది

పోయిన వారం ఒక సందేహం అడిగాను: ఆరెంజ్ అనే మాటకు, మన నారింజకు చుట్టరికం ఉందా? ఉంటే మొదట్లోని ‘న’ ఎటు పోయింది? మా పాప అడిగితే జవాబు చెప్పలేక అడిగాను. ఓపికగా దారి చూపించిన అందరికీ థ్యాంక్స్.

చుట్టరికం ఉంది. సంస్కృతంలో నారంగ, పారసీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్. అరబ్బులతో పాటు స్పెయిన్ చేరి నరంఖా అయింది, అక్కడ ‘న’ ఇప్పటికీ భద్రంగా ఉంది. సంస్కృతానికి ఈ మాట ద్రావిడ భాషల నుంచే వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. మలయాళంలో నారంగ అంటే ఇవాళ నిమ్మకాయ కూడా.

ఇక నాకు బాగా నచ్చిన చోటు, ‘న’ పోయిన చోటు. ఇంగ్లిష్‌కు ఈ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచిలో ‘ఒక’ అనడానికి ‘యూన్’ అంటారు. ‘యూన్ నరాంజ్’ అని గబగబా అంటే రెండు ‘న’లు కలిసిపోతాయి. వినేవాళ్ళు ఆ ‘న’ ముందు మాటదే అనుకున్నారు! ఇంగ్లిష్‌లో ‘ఎ నేప్రన్’ కాస్తా ‘ఏన్ ఏప్రన్’ అయిందీ ఇలాగే. పాప చేత నాలుగుసార్లు గబగబా పలికించాను. నాలుగోసారికి తనే పట్టేసింది.

ఇంకోటి, ఇంగ్లిష్‌లో పండు పేరే ముందు, రంగు పేరుగా వాడింది 16వ శతాబ్దంలో. అందుకే నారింజరంగు రొమ్మున్న రాబిన్ పిట్టను అప్పటికే ‘రెడ్‌బ్రెస్ట్’ అనేశారు.