అప్‌డేట్: ఆదివారం 16 కిలోమీటర్లు, ఇద్దరికీ రెండు వేగాలు

నా వేగం కిలోమీటరుకు 7:15 (7 నిమిషాల 15 సెకన్లు), స్నేహితుడిది 6:00. విశాఖ బీచ్ రోడ్డులో కలిసి లాంగ్ రన్ (దూరపు పరుగు) ఎలా చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. నాలుగు ఆదివారాలు ప్రయత్నించాక తేలింది రాస్తున్నాను.

మధ్యేమార్గంగా 6:40 పెట్టుకోవడం పనిచేయదు. నెమ్మదైనవారికి 10వ కిలోమీటరుకే ఆయాసం, వేగమైనవారికి అది కసరత్తే కాదు. అందుకే వేగమైనవారు ముందుగా వచ్చి 4 కిలోమీటర్లు సొంత వేగంతో ముగించాలి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి 12 కిలోమీటర్లు 7:15తో. మిగతా 4 నెమ్మదైనవారు చివర్లో ఒంటరిగా పూర్తిచేస్తారు. వేగం సరిపోయిందా అన్నదానికి మాటలే కొలత: పూర్తి వాక్యం ఊపిరి తీసుకోకుండా చెప్పలేకపోతే తగ్గించాలి. పక్కవారికంటే అరడుగు ముందు పరిగెత్తే అలవాటు మాత్రం మానాలి. తెలియకుండానే ఇద్దరి వేగం పెరిగిపోతుంది. వాచీ ఒక్కరిదే చూడండి, రెండింటి లెక్కలూ ఎప్పుడూ కలవవు!

సముద్రపు ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అలాంటి రోజు కిలోమీటరుకు 15-20 సెకన్లు ఎక్కువ తీసుకోండి. టెన్నేటి పార్కు వైపు ఎత్తులో వేగం కాదు, ఊపిరి సమానంగా ఉంచుకోవాలి.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ 1 లీటరు నీళ్లకు. అరలీటరు సీసాలో మొత్తం పోస్తే చిక్కనై కడుపులో తిప్పుతుంది. తొడల మధ్య, చంకల్లో ముందే వాసెలిన్ రాయండి.

ఇడ్లీ తర్వాతే. పరుగుకు ముందు అరటిపండు చాలు.