ఏడాదికి 1,500 డెల్రిన్ హౌసింగులు: అచ్చు చేయించాలా, లేత్ మీదే తిప్పించాలా?

పీణ్య యూనిట్:
డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసే బేరింగ్ హౌసింగులను (బేరింగు కూర్చునే గూళ్లను) ఇప్పుడు కడ్డీ కోసి, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ లేత్ మీద తిప్పిస్తున్నాం. 22 మి.మీ. బోరులో (మధ్య రంధ్రంలో) 608 రకం బేరింగు బిగువుగా కూర్చోవాలి కనుక 0.02 మి.మీ.కి మించి తేడా రాకూడదు. ఇంజెక్షన్ మౌల్డింగుకు, అంటే కరిగించిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టే పద్ధతికి మారితే గిట్టుబాటు అవుతుందా?

బొమ్మసంద్ర టూల్‌రూమ్:
తప్పకుండా అవుతుందండి. మీరు కొన్న కడ్డీలో చాలా భాగం చిప్స్‌గా చెత్తబుట్టలో పడుతోంది. ఈ సంఖ్యకు గట్టిపరచిన ఉక్కు అక్కర్లేదు, అల్యూమినియం అచ్చు సరిపోతుంది.

రాజాజీనగర్ మెషినిస్టు:
ఖర్చు లెక్కతో నాకు పేచీ లేదు, కొలతతోనే ఉంది. డెల్రిన్ చల్లారేటప్పుడు సుమారు 2 శాతం కుంచించుకుపోతుంది. అంటే 22 మి.మీ.కి 0.44 మి.మీ. ఆ శాతం 1.8కీ 2.2కీ మధ్య ఊగిసలాడిందంటే చాలు, బోరులో దాదాపు 0.09 మి.మీ. తేడా వస్తుంది. పైగా అచ్చులోంచి తీసిన మరునాడు కూడా ఆ ముక్క ఇంకొంచెం ముడుచుకుంటుంది.

బొమ్మసంద్ర టూల్‌రూమ్:
అందుకే అచ్చులో బోరుకు ఆకారమిచ్చే కోర్ పిన్నును మొదట కావాలనే కాస్త లావుగా ఉంచి, ముక్కలను ఒక రోజు ఆగి కొలిచి, ఆ తర్వాతే పిన్నును గ్రైండ్ చేస్తాం. లోహాన్ని తగ్గించడం మా చేతిలో పని, పెంచాలంటేనే అవస్థ.

రాజాజీనగర్ మెషినిస్టు:
దానివల్ల సగటు కొలత సరైన చోటికి వస్తుందే తప్ప, ప్రెజరూ అచ్చు వేడీ మారినప్పుడల్లా ముక్కకూ ముక్కకూ వచ్చే తేడా పోదు. నా మాట వింటే బోరును కాస్త చిన్నదిగా మౌల్డ్ చేయించి, దాన్ని మాత్రం లేత్ మీద పూర్తి చేయించండి. అయితే పలచటి గోడను లేత్‌లో ముక్కను పట్టుకునే మామూలు మూడు దవడల చక్‌లో బిగిస్తే, తిప్పినప్పుడు గుండ్రంగానే ఉన్న బోరు, వదలగానే మూడు మూలలు తేలుతుంది. రెండు చోట్ల మాత్రమే ఆనే బోర్ గేజ్‌కు ఆ వంకర దొరకదు, బోరులోకి దూర్చి చూసే గుండ్రటి ప్లగ్ గేజ్ అయితే పట్టేస్తుంది. కనుక ముక్కను చుట్టూ ఆనుకొనే సాఫ్ట్ జాస్ (మెత్తటి దవడలు) తప్పనిసరి.

బొమ్మసంద్ర టూల్‌రూమ్:
ఆ పద్ధతి నాకూ సమ్మతమే, కానీ రెండో ఆపరేషన్ కూలి కలిపితే ఆదా ఎంత మిగులుతుందో చూసుకోవాలి. ఇంతకీ మీ డ్రాయింగు ఖరారైందా? అచ్చు చేశాక మార్చడం కష్టం.

పీణ్య యూనిట్:
ఇంకా కాలేదండి, ఫ్లాంజ్ (బిగించే అంచు) రంధ్రాల స్థానం మారవచ్చు. అది తేలేవరకు లేత్ మీదే తిప్పిస్తాం, ఈలోగా బోరు విడిగా తిప్పడానికి కొటేషన్ అడుగుతాం.